కేస్ స్టడీ: మూడు చక్రాల టూరింగ్ బండి వెనక టైరు, మూడుసార్లు బ్యాలెన్స్ చేసినా పోని అదురు

ఈ కేసులో టైరుకు ఏ దోషమూ లేదు. కొత్త టైరు, సరైన సైజు, ఈమధ్యే తయారైనది. అయినా అది వేసిన రోజు నుంచీ బండి అదరడం మొదలైంది. కారణాలు రెండు. రెండూ టైరు మార్చే పనిలోనే పుట్టాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. మొదటిది సరిచేశాక గానీ రెండోది కనిపించలేదు. ఈ రకం బండ్ల మీద పనిచేసేవాళ్లకు, సొంత గరాజులో చక్రం విప్పుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాం. ఊరు, పేరు, షాపుల వివరాలు తీసేశాం.

నేపథ్యం

బండి అమెరికాలోది. క్యాన్-యామ్ స్పైడర్ ఆర్‌టి, 1330 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, సెమీ ఆటోమేటిక్ గేర్లు. మన ఆటోకు ఇది తలకిందులు: ముందు రెండు చక్రాలు, వెనక ఒకటే. ఇంజను శక్తి అంతా బెల్టు మీదుగా ఆ ఒక్క చక్రానికే వస్తుంది. వెనక కూర్చున్న మనిషి బరువు, పెట్టెల్లో సామాను బరువు కూడా చాలావరకు దాని మీదే. ఆటోకైతే రెండు ముక్కల రిమ్ము, నట్లు విప్పితే టైరు చేతికొస్తుంది, పక్కన స్టెప్నీ ఉంటుంది. ఇక్కడ స్టెప్నీయే లేదు.

వెనక టైరు సైజు 225/50 ఆర్ 15, లోడ్ ఇండెక్స్ 76, స్పీడ్ అక్షరం హెచ్. అంటే 400 కిలోలు, గంటకు 210 కిలోమీటర్లు. అంకెలు చూస్తే కారు టైరులాగే ఉంటాయి, ఆకారం కూడా చదునే. మలుపులో ఈ బండి మోటార్‌సైకిల్‌లా పక్కకు వాలదు కాబట్టి గుండ్రటి టైరు అక్కర్లేదు. గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. టైరు కారుది లాగా ఉంది కదా అని దాన్ని కారు టైర్ల షాపుకు తీసుకెళ్తారు. కానీ చక్రం మధ్య భాగం మాత్రం మోటార్‌సైకిల్‌దే: బేరింగులు, వాటి గుండా పోయే యాక్సిల్, ఒక పక్క బెల్టు పుల్లీ, ఇంకో పక్క బ్రేకు డిస్కు.

యజమాని అరవై దాటిన తెలుగాయన. భార్యతో కలిసి దూర ప్రయాణాలు చేస్తారు, పెట్టెలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. పాత టైరు 11,400 మైళ్లు తిరిగింది. విప్పిన టైరును పారేయకుండా వెంట తెచ్చారు, అది చాలా మేలు చేసింది. నడిమిట్లో ట్రెడ్ లోతు, అంటే గాడుల లోతు, అంగుళంలో 32కు 2 వంతులు, అంటే అరుగుదల హద్దు గుర్తులు తేలిపోయాయి. రెండు భుజాల దగ్గర, అంటే ట్రెడ్ అంచుల్లో, మాత్రం ఇంకా 6 వంతులు ఉంది. గాలి ఎంత పెడుతున్నారని అడిగితే 35 అన్నారు. మాన్యువల్ చెప్పేది 28 పి.ఎస్.ఐ. ఈ బండిలో 28 పెట్టినా నడిమి భాగం కొంత ముందే అరుగుతుంది. 35 పెడితే టైరు నడిమిట్లో ఉబ్బి ఆ పట్టీ ఒక్కటే రోడ్డును మోస్తుంది. భుజాల్లో సగానికి పైగా రబ్బరు ఉండగానే టైరు మార్చాల్సి వచ్చిందంటే, ఆ ఏడు పి.ఎస్.ఐ. కొన్ని వేల మైళ్లు తినేసిందన్నమాట.

వచ్చిన ఫిర్యాదు

మార్పు రెండు చోట్ల జరిగింది. స్నేహితుడి గరాజులో చక్రం విప్పారు. విడి చక్రాన్ని ఒక కారు టైర్ల షాపులో ఇచ్చి కొత్త టైరు ఎక్కించి బ్యాలెన్స్ చేయించారు, అంటే చిన్న బరువులు అతికించి చక్రం చుట్టూ బరువు సమానం చేయించారు. మళ్లీ గరాజులోనే బిగించారు. అక్కడి నుంచి హైవే ఎక్కగానే అదురు. షాపుకు తిరిగి వెళ్లి ఇంకో రెండుసార్లు బ్యాలెన్స్ చేయించారు. ప్రతిసారీ అతికించే బరువులు మారాయి, అదురు మారలేదు.

మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన అడిగింది ఒకటే: "బాబూ, ఈ టైరు తీసేసి కారు టైరు వేసేద్దామా? అందరూ అదే బాగుందంటున్నారు."

ఆ ప్రశ్న న్యాయమైనదే. కారు టైరు వేసుకుని సంతోషంగా తిరిగేవాళ్లు ఉన్నారు. అయినా వద్దన్నాం, రెండు కారణాలతో. మొదటిది, అదురు ఎక్కడిదో తెలియకుండా టైరు రకం మార్చేస్తే, తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, తగ్గకపోతే అనుమానించాల్సినవి రెట్టింపు అవుతాయి. రెండోది, ఆయన చూసిన కారు టైరు 205/60 ఆర్ 15. లెక్క వేసి చూపించాం. అసలు టైరు వ్యాసం 381 మి.మీ. రిమ్ముకు రెండు పక్కలా 112.5 కలిపితే 606 మి.మీ. 205/60 అయితే రెండు పక్కలా 123, మొత్తం 627. మూడున్నర శాతం పెద్దది. బండిలోని స్థిరత్వ వ్యవస్థ చక్రాల వేగాలు చూస్తూ పనిచేస్తుంది, అసలు టైరు సైజును బట్టే దాన్ని అమర్చారు. కారు టైరు పక్క గోడలు గట్టివి, బరువు మోసే సత్తా చాలా ఎక్కువ, కాబట్టి 28 పి.ఎస్.ఐ. అంకె కూడా దానికి పనికిరాదు. దీనికి తోడు తయారీదారు చెప్పిన టైరు కాదు గనక వారంటీ, బీమా ప్రశ్నలూ ఉంటాయి. అదంతా వేరే రోజు తేల్చుకోవచ్చు, ముందు ఈ టైరుతో అదురు సంగతి చూద్దాం అన్నాం.

రోడ్డు మీద ఏం కనిపించింది

బండి ఎత్తే ముందే నడిపి చూశాం. గాలి చల్లగా ఉన్నప్పుడు 28కి దించి, వేగం ఫోన్ జీపీఎస్‌తో కొలిచాం. అదురు గంటకు 50 మైళ్ల దగ్గర మొదలై వేగంతో పాటు పెరిగింది. సీట్లో, కాళ్లు పెట్టుకునే పలకల్లో తెలుస్తోంది, హ్యాండిల్‌లో లేదు. అంటే ముందు చక్రాలది కాదు. 62 నుంచి 68 మధ్య ఇంకాస్త గరుకుగా ఉంది, 72 దాటాక ఆ గరుకుదనం కొంచెం తగ్గింది. ఈ చివరి మాట కాగితం మీద రాసుకున్నాం గానీ, అప్పటికి దానికి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు.

వెనక పలకకు ఫోన్ టేపుతో అతికించి, అదురు కొలిచే యాప్ పెట్టి 65 దగ్గర నిలకడగా నడిపితే సెకనుకు 15 సార్ల దగ్గర పెద్ద శిఖరం వచ్చింది. టైరు చుట్టుకొలత 1.904 మీటర్లు, 65 మైళ్లు అంటే సెకనుకు 29.06 మీటర్లు. భాగిస్తే చక్రం సెకనుకు 15.3 చుట్లు. చక్రం ఒక్క చుట్టుకు ఒక్క దెబ్బ. అంటే చక్రంలో ఒక పక్క బరువైనా ఎక్కువ ఉండాలి, ఒక చోట ఎత్తైనా ఉండాలి. యాభై డాలర్ల పరికరం కూడా అక్కర్లేని ఈ లెక్క చాలా పక్కదారులు తప్పిస్తుంది.

చక్రం దించడం

ముందు రెండు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు పెట్టాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు విడుదల చేశాకే తాళం తీశాం. ఈ బండిలో పార్కింగ్ బ్రేకు వెనక కాలిపర్‌లోనే, అంటే ప్యాడ్లతో డిస్కును పట్టే భాగంలోనే ఉంటుంది. అది పట్టి ఉంటే డిస్కు బయటికి రాదు, బలవంతంగా లాగితే ప్యాడ్లు, కాలిపర్ రెండూ దెబ్బతింటాయి. ముందు రెండు చక్రాలు ఉన్నాయి కాబట్టి ఇది మోటార్‌సైకిల్‌లా పక్కకు పడిపోదు, ఆ ధైర్యంతోనే జనం ఒక్క జాక్ మీద వదిలేస్తారు. మేం జాక్‌తో ఎత్తి, ఫ్రేము కింద రెండు స్టాండ్లు పెట్టాకే పని మొదలుపెట్టాం.

అడ్డొచ్చే ప్యానెళ్లు, మఫ్లరు పక్కకు తీశాక, నట్టు ముట్టుకునే ముందు గరాజులో ఎలా బిగించారో కొలిచాం. ఇది వదిలేస్తే ఈ కేసు సగమే అర్థమయ్యేది. యాక్సిల్ రెండు చివర్లా అడ్జస్టర్ బోల్టులు ఉంటాయి. వాటితోనే చక్రం ముందుకూ వెనక్కూ జరిగి బెల్టు బిగుతు, వరస (పుల్లీ మీద బెల్టు పక్కకు పోకుండా తిన్నగా నడవడం) కుదురుతాయి. రెండు పక్కలా యాక్సిల్ ఎంత వెనక్కు ఉందో కాలిపర్ స్కేలుతో కొలిచి రాసుకున్నాం. చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే బెల్టు పుల్లీ అంచును ఒరుసుకుంటూ నడుస్తోంది. బెల్టు అంచు మెరుగు పెట్టినట్టు నున్నగా ఉంది, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీద సన్నటి నల్ల పొడి. శబ్దాన్ని బట్టి ఊపు కొలిచే సోనిక్ మీటరు పెట్టి మీటితే బెల్టు సెకనుకు 46 సార్లు ఊగుతోంది. బిగుతు లెక్కలోకి మారిస్తే మాన్యువల్ పరిధి మధ్య విలువ కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ.

ఆ గరాజులో చేసిన పని ఊహించడం కష్టం కాదు. పుల్లీ నుంచి బెల్టు జారడానికి రెండు అడ్జస్టర్లూ బాగా వదులు చేశారు, ఎన్ని చుట్లు తిప్పారో లెక్క పెట్టలేదు, గుర్తు పెట్టలేదు. తిరిగి బిగించేటప్పుడు బెల్టును వేళ్లతో మెలితిప్పి "గట్టిగానే ఉంది" అనుకున్నారు.

ఇవి రాసుకుని, వరసగా విప్పాం. 36 మి.మీ. సాకెట్‌తో యాక్సిల్ నట్టు వదులు. ప్రతి అడ్జస్టర్ బోల్టు తల మీద, దాని పక్కన లోహం మీద కలిపి పెయింటు గీత, తర్వాత రెండు పక్కలా సమానంగా, లెక్క పెట్టి వదులు. చక్రం ముందుకు తోసి, తిప్పుతూ బెల్టును పుల్లీ మీంచి పక్కకు జరపడం. బెల్టు కిందకి స్క్రూడ్రైవర్ పెట్టి పొడవకూడదు. లోపలి తీగలకు ఒక్క గాటు పడితే బెల్టు ఆయుష్షు తీరినట్టే, అదీ వెంటనే కాదు, ఏ రెండు వేల మైళ్ల తర్వాతో. యాక్సిల్ లాగేటప్పుడు చక్రం బరువు యాక్సిల్ మీద పడకుండా కింద చెక్క పెడితే సుత్తి అక్కర్లేదు. స్పేసర్లు ఏ పక్కవి ఆ పక్క, పెట్టిన దిక్కులోనే ట్రేలో. బేరింగుల లోపలి రింగు వేలితో తిప్పి చూశాం: మెత్తగా తిరిగాయి, గరగర లేదు. బేరింగులు అనుమానితుల జాబితాలోంచి పోయాయి.

ముందు చేసింది, పనిచేయనిది

ఇక్కడ మేం వరస తప్పాం. ఎత్తుపల్లాలు కొలవకుండా ముందు బ్యాలెన్స్ చూశాం.

దానికి ఒక సాకు ఉంది. షాపులో బ్యాలెన్స్ ఎలా తప్పిందో కళ్లకు కట్టినట్టు కనిపించింది. కారు చక్రానికి మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది, మిషన్ కోను దానిలో కూర్చుని చక్రాన్ని నడిమికి తెస్తుంది. ఈ చక్రానికి నడిమి అంటే బేరింగుల నడిమి. కారు కోనును ఇందులో పెడితే అది పుల్లీ వైపు బయటి అంచును పట్టుకుంటుంది, ఆ అంచు చక్రానికి కేంద్రం కావాలని ఏ నియమమూ లేదు. కోను గుర్తు ఆ అంచు మీద స్పష్టంగా పడి ఉంది. మూడుసార్లు మూడు రకాల బరువులు రావడానికి కారణం అదే. చక్రాన్ని ప్రతిసారీ కొంచెం వేరేగా పట్టించారు, మిషన్ ప్రతిసారీ వేరే జవాబు చెప్పింది.

దీన్ని పట్టుకునే పరీక్ష తేలిక. ఒకసారి తిప్పి బరువు ఎక్కడ అడుగుతోందో గుర్తు పెట్టాలి. చక్రాన్ని షాఫ్టు మీద సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి, మళ్లీ తిప్పాలి. చోటు రిమ్ముతో పాటే తిరిగితే మిషన్ నిజం చెబుతోంది. చోటు మారితే మిషన్ కొలుస్తున్నది చక్రాన్ని కాదు, పట్టుకున్న పద్ధతిని.

మోటార్‌సైకిల్ అడాప్టరుతో, బేరింగులను ఆధారం చేసుకుని తిప్పితే 60 గ్రాముల తేడా తేలింది. చిన్నదేమీ కాదు. రిమ్ము అంచున 190 మి.మీ. దూరంలో ఉన్న 60 గ్రాములు 65 మైళ్ల వేగంలో సుమారు 105 న్యూటన్ల బలంతో, అంటే పది కిలోల బరువుతో సమానంగా చక్రాన్ని లాగుతాయి, సెకనుకు పదిహేనుసార్లు దిక్కు మారుస్తూ. పాత బరువులన్నీ పీకి, జిగురు తుడిచి, కొత్తవి అతికించి సున్నాకు తెచ్చాం. ఇదే జవాబు అనుకున్నాం.

బండి బిగించి నడిపితే అదురు తగ్గింది, పోలేదు. యాప్‌లో పదిహేను దగ్గర శిఖరం సుమారు మూడో వంతు దిగింది, అంతే. బ్యాలెన్స్ చేసిన చక్రం ఇంకా చుట్టుకొక దెబ్బ కొడుతోందంటే మిగిలింది ఆకారమే. మళ్లీ విప్పాల్సి వచ్చింది. రెండున్నర గంటల పని, బిల్లులో వేయలేదు.

టైరు రిమ్ములో కూర్చోలేదు

చక్రాన్ని అడాప్టరు మీద నెమ్మదిగా చేత్తో తిప్పుతూ, ఎత్తుపల్లాలు కొలిచే డయల్ గేజి ముల్లు ట్రెడ్ నడిమి గాడి పక్కన పెట్టి చూశాం. ముల్లు ఒక చోట 2.3 మి.మీ. లేచింది. ఆ చోటికి ఎదురుగా రిమ్ము దగ్గర చూస్తే కారణం కంటికే కనిపించింది. టైరు పక్క గోడ మీద, రిమ్ము అంచుకు కాస్త పైన, చుట్టూ ఒక సన్నటి గీత పోత పోసి ఉంటుంది. టైరు సరిగ్గా కూర్చుంటే ఆ గీత రిమ్ము అంచు నుంచి చుట్టూ ఒకే దూరంలో ఉంటుంది. ఇక్కడ ముప్పాతిక చుట్టు 7 మి.మీ. దూరంలో ఉండి, మిగతా పాతికలో 4 మి.మీ.కు దిగి, దాదాపు రిమ్ము కిందికి దాక్కుంటోంది. డిస్కు వైపు మాత్రమే. పుల్లీ వైపు చక్కగా ఉంది. షాపులో పుల్లీ వైపు పైకి పెట్టి చూసుకుని ఉంటారు.

టైరు బీడు, అంటే రిమ్ములో కూర్చునే తీగల అంచు, ఆ పాతిక భాగంలో తన మెట్టు ఎక్కలేదు. గాలి బయటికి పోదు, కంటికి టైరు మామూలుగానే కనిపిస్తుంది. కానీ టైరు ఆ మేరకు ఒక పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి చక్రం గుండ్రంగా ఉండదు. గుండ్రంగా లేని చక్రాన్ని ఎన్ని బరువులు పెట్టినా గుండ్రంగా చేయలేం. బరువులు మిషన్ మీద గాలిలో తిరిగే చక్రాన్ని శాంతింపజేస్తాయి. ఎత్తుపల్లం రోడ్డుకు తగిలితే గానీ బయటపడదు.

బీడు విడగొట్టేటప్పుడు చక్రాన్ని నేల మీద డిస్కు వైపు పడుకోబెట్టలేదు. రిమ్ము కింద నాలుగు అంగుళాల చెక్క దుంగలు పెట్టి, డిస్కు, పుల్లీ రెండూ దేనికీ తగలకుండా చూశాం. డిస్కు ఒక్కసారి వంగితే బ్రేకు నొక్కిన ప్రతిసారీ కాలికి కొట్టుకుంటుంది, అప్పుడు ఇంకో కేస్ స్టడీ రాయాలి.

టైరు దించాక బీడు కూర్చునే మెట్టు మీద రెండు కనిపించాయి: పాత టైరు వదిలిన నల్లటి రబ్బరు పొర, దాని కింద అల్యూమినియం తుప్పు, తెల్లటి పొడిలాగా. షాపులో వాటిని తీయలేదు, మౌంటింగ్ పేస్టు కూడా పొదుపుగా రాశారు. ఎండిపోయిన బీడు గరుకు మెట్టు మీద ఆగిపోయింది. గరుకు ప్యాడుతో, చేత్తో, చుట్టూ నున్నగా వచ్చేదాకా రుద్దాం. వైరు బ్రష్షు, గ్రైండరు వాడితే లోహమే పోతుంది, తర్వాత అక్కడే గాలి కారుతుంది. వట్టి రిమ్ము మీద డయల్ గేజి పెడితే 0.3 మి.మీ., అంటే రిమ్ము బాగానే ఉంది. వాల్వు ఎలాగూ విప్పి ఉంది కాబట్టి కొత్తది వేశాం.

బాణం గుర్తు తిరిగే దిక్కుకు సరిపోయిందో చూసుకుని, రెండు బీడులకూ, రిమ్ము మెట్లకూ పేస్టు ధారాళంగా రాసి ఎక్కించాం. వాల్వు లోపలి కోర్ తీసేసి గాలి పెడితే గాలి ఒక్కసారిగా వెళ్లి బీడు వేగంగా ఎక్కుతుంది. మొదటి చప్పుడు 20 పి.ఎస్.ఐ. దాటాక వచ్చింది, రెండోది 32 దగ్గర. మొండికేసినా 40 దాటించకూడదు. ఎక్కకపోతే గాలి తీసేసి, మళ్లీ పేస్టు రాసి, మళ్లీ ప్రయత్నించాలి. ఎక్కని బీడు మీద ఇంకా గాలి కొట్టడం వేళ్లు, కొన్నిసార్లు ప్రాణమే పోగొట్టుకునే పని. టైరును పై నుంచి వంగి చూడకుండా, గేజి పొడుగు గొట్టంతో, పక్కన నిలబడి పెట్టాం.

రెండు పక్కలా, చుట్టూ ఎనిమిది చోట్ల గీత దూరం కొలిచాం. అన్నీ 7 మి.మీ.కు అటూ ఇటూ అర మి.మీ. లోపే. ట్రెడ్ మీద ఎత్తుపల్లం 0.6కు దిగింది. ఇప్పుడు బ్యాలెన్స్‌కు 20 గ్రాములు సరిపోయాయి. మునుపు అడిగిన 60లో చాలా భాగం పక్కకు జరిగిన టైరుదేనన్నమాట. సరైన వరస ఇదే: శుభ్రం, కూర్చోబెట్టడం, ఆకారం కొలవడం, ఆ తర్వాతే బరువులు.

మిగిలిపోయిన గరుకుదనం

ఆ మధ్యాహ్నం నడిపితే 50 దగ్గర మొదలయ్యే అదురు మాయమైంది. పదిహేను దగ్గర శిఖరం పోయింది. కానీ 62 నుంచి 68 మధ్య ఒక సన్నటి జుమ్మనే అదురు మిగిలింది, కాలి కింద మాత్రమే. మొదటి రోజు రాసుకున్న మాట ఇదే. పెద్ద అదురు కింద ఇది దాక్కుని ఉంది.

ఇది టైరుది కాదని రెండు విషయాలు చెప్పాయి. టైరు దోషం వేగంతో పాటు పెరగాలి, ఇది 68 దాటితే పోతోంది. రెండోది, 66 దగ్గర గ్యాస్ (యాక్సిలరేటరు) వదిలితే తగ్గి, గ్యాస్ తిప్పితే మళ్లీ వస్తోంది. టైరు గ్యాసును పట్టించుకోదు. బెల్టు పట్టించుకుంటుంది, ఎందుకంటే లాగుడు మారితే రెండు వైపుల బిగుతూ మారుతుంది. యాప్‌లో శిఖరం సెకనుకు 46 దగ్గర. 66 మైళ్ల దగ్గర చక్రం 15.5 చుట్లు తిరుగుతుంది, దానికి మూడు రెట్లు 46.5. మీటితే బెల్టు పలికింది కూడా 46. వీణ తీగ పక్కన అదే శ్రుతిలో ఇంకొకటి మోగితే అది కూడా కదులుతుంది కదా, అదే ఇది. రోడ్డు మీద బిగుతు కాస్త మారుతుంది కాబట్టి అంకెలు ఇంత చక్కగా కలవాలని లేదు, కానీ దారి చూపించడానికి చాలు.

తీగ శ్రుతి బిగుతు వర్గమూలంతో మారుతుంది. బిగుతు మూడో వంతుకు పైన, సుమారు 1.35 రెట్లు ఉంది, వర్గమూలం 1.16. మాన్యువల్ విలువకు తెస్తే శ్రుతి 46 నుంచి 40కి దిగాలి, ఆ జుమ్మనేది 66 నుంచి 57 మైళ్లకు జరగాలి. పూర్తిగా పోతుందని చెప్పలేం, ఎక్కడికి పోతుందో మాత్రం ముందే చెప్పగలం. యజమానికి అదే చెప్పాం.

బెల్టు అమరిక ఈ బండిలో ఓపిక పరీక్ష. చక్రం గాలిలో వేలాడుతుండగా, బెల్టు చల్లగా ఉండగా కొలవాలి. సస్పెన్షన్ నొక్కుకుంటే స్వింగార్మ్ కోణం మారి బిగుతు మారిపోతుంది. చక్రం ఒక చుట్టులోనే బిగుతు ఎక్కువ తక్కువ అవుతుంది కాబట్టి నాలుగు చోట్ల మీటి, అన్నిటికంటే బిగుతైన చోటును లెక్కలోకి తీసుకున్నాం. వరస కోసం అడ్జస్టరును బోల్టు తలకున్న ఆరు పలకల్లో ఒక్కో పలక చొప్పున, అంటే చుట్టులో ఆరో వంతు తిప్పాం. మర పిచ్ 1.25 మి.మీ. ఉన్న బోల్టుకు అది 0.2 మి.మీ. కదలిక, అంతకంటే ఎక్కువ ఒకేసారి వద్దు. ప్రతి మార్పు తర్వాత చక్రాన్ని ముందు దిక్కుకే పది చుట్లు తిప్పి బెల్టు ఎక్కడ స్థిరపడిందో చూడాలి. వెనక్కు తిప్పితే బెల్టు ఇంకో పక్కకు నడుస్తుంది, ఆ దృశ్యం నమ్మి సర్దితే వరస చెడినట్టే.

అసలు చిక్కు నట్టుతో. యాక్సిల్ నట్టు వదులుగా ఉండగా తెచ్చుకున్న అందమైన రీడింగు, టార్క్ రెంచితో బిగించగానే మారిపోతుంది, వరస కూడా కొంచెం జరుగుతుంది. అందుకే కొలత నట్టు పూర్తిగా బిగించాకే చెల్లుతుంది. మూడు విడతలు పట్టింది: బిగించడం, కొలవడం, వదులు చేసి అర పలక సర్దడం, మళ్లీ బిగించడం. టార్క్ అంకె ఆ మోడల్, ఆ ఏడాది మాన్యువల్‌లోంచే తీసుకున్నాం. వీడియోలో ఎవరో చెప్పిన అంకె వేరే ఏడాది బండిది కావచ్చు. లాకింగు పిన్నో నట్టో ఏది ఉంటే అది కొత్తది. చివరగా నట్టు మీదా స్వింగార్మ్ మీదా కలిపి ఒక తెల్ల గీత.

బిగుతు మరీ తగ్గించి ఆ జుమ్మనే చోటును ఇంకా కిందికి తోసేద్దామని అనిపిస్తుంది. వద్దు. వదులు బెల్టు గట్టిగా లాగినప్పుడు పుల్లీ మీద పళ్లు దాటుతుంది. మాన్యువల్ పరిధి దాటి ఎటూ పోలేదు.

బండి దించాక, కదిలించే ముందు బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కాం. ఈ బండికి చేతి బ్రేకు లివరు లేదు, మూడు చక్రాలకూ కాలి పెడల్ ఒక్కటే. చక్రం దించేటప్పుడు వెనక ప్యాడ్లు వెనక్కు పోయి ఉంటాయి, మొదటి తొక్కుకు పెడల్ లోతుగా దిగిపోతుంది. దాన్ని రోడ్డు మీద తెలుసుకోకూడదు.

ఫలితం

పది మైళ్ల తర్వాత ఆగి చూశాం: బెల్టుకూ పుల్లీ అంచుకూ మధ్య సన్నటి, సమానమైన సందు, నల్ల పొడి లేదు, తెల్ల గీత చెదరలేదు. 62 నుంచి 68 మధ్య శుభ్రం. 56, 58 మధ్య, గ్యాస్ మీద ఉంటే, చెప్పులో చిన్న చిమచిమ. లెక్క 57 అంది. మీటితే బెల్టు 40 పలికింది.

500 మైళ్లకు మళ్లీ రమ్మన్నాం. రీడింగు అంతే ఉంది. ట్రెడ్ లోతు నడిమిట్లో, రెండు భుజాల్లో ఒకేలా ఉంది. 500 మైళ్లు తీర్పు చెప్పడానికి చాలవు, కానీ తర్వాత పోల్చడానికి ఆ మూడు అంకెలూ బిల్లు వెనక రాసిచ్చాం. పొద్దున్నే, బండి కదలకముందే, 28 పి.ఎస్.ఐ. హైవేలో వేడెక్కాక గేజి 31, 32 చూపిస్తే గాలి తీయొద్దని పెద్దక్షరాలతో రాశాం, ఎందుకంటే తీసేస్తే మర్నాడు పొద్దున 25 ఉంటుంది.

మిగిలిన చిమచిమకు బెల్టు మధ్యలో చిన్న రోలరుతో ఒత్తిపట్టే డ్యాంపరు అమ్ముతారు, బాగానే పనిచేస్తుంది. ఖరీదు, లాభం రెండూ చెప్పి, ఇది తప్పనిసరి కాదు అంకుల్, మీ ఇష్టం అన్నాం. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "57లో ఎవరు పోతారు బాబూ, ఊళ్లో 45, హైవేలో 70" అని హెల్మెట్ పెట్టుకున్నారు.